వసపిట్ట మూగనోము

పిల్లల్ని నవ్వించడం ఆమె ఉద్యోగం. వినడానికి ఎంత హాయిగా ఉందో కదా! డిసెంబరులో ఆ మాట ఆమె ఎదురుగా అని చూడండి, కెమెరా స్టాండు పుచ్చుకుని వెంటపడుతుంది.

ఏడాది పొడుగునా పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ కునికిపాట్లు పడే ఆ స్టూడియో, క్రిస్మస్ దగ్గరపడుతుందనగా ఉలిక్కిపడి లేస్తుంది. గోడ మీదికి మంచుకొండల తెర దిగుతుంది. నేలంతా దూది పరుచుకుంటుంది. ప్లాస్టిక్ చెట్టు అటక దిగి, దుమ్ము దులిపించుకుని, ఎర్ర కుర్చీ పక్కన నిలబడుతుంది. ఇక తల్లులందరూ పిల్లలకు ఎర్ర టోపీలు పెట్టి, చంకనేసుకుని బయల్దేరతారు. ఆ పిల్లలేమో టోపీ పీకేస్తారు, దూది నోట్లో కుక్కుకుంటారు, కెమెరాను చూసి గుక్కపట్టి ఏడుస్తారు. అప్పుడు ఆమె రంగంలోకి దిగాలి. రబ్బరు బాతును పళ్ళతో పట్టుకుని కీచుమనిపిస్తుంది. గోడలదిరేలా తుమ్మి, నెత్తిమీది టోపీ ఎగిరిపడేలా చేస్తుంది. ఏడుస్తున్న పిల్లాడు ఆగి, ఇదేం మనిషిరా బాబూ అని చూసి, ఫక్కున నవ్వుతాడు. ఆ నవ్వు ఇటు రాగానే అటు ఆమె ఫోటో తీసేయాలి. పిల్లలు ఆమెకు కోతి ఆంటీ అని పేరు పెట్టారు. ఆమె ఏమీ అనుకోలేదు. నవ్వు చూసి అది కడుపులోంచి వచ్చిందో, మూతి మీద తగిలించుకున్నదో చెప్పేయగలనని ఆమెకు గొప్ప ధీమా. "కళ్ళు నవ్వలేదండీ, ఇంకోటి తీద్దాం," అంటుంది తల్లులతో, డాక్టరమ్మ చీటీ రాసినంత గంభీరంగా.

సొంత పిల్లలు ఇద్దరు. పెద్దది ఆరేళ్ళ వసపిట్ట. అసలు పేరు బళ్ళో రిజిస్టరుకే పరిమితం. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు రాత్రి దుప్పటి కప్పేదాకా ఆ నోటికి విరామం లేదు, అందుకని ఇంటిల్లిపాదీ దాన్ని వసపిట్ట అంటారు. రెండోవాడు పిడుగు. మూడేళ్ళు నిండాయి. ఇల్లు పీకి పందిరి వేయడమే వాడి ఉద్యోగం, దానికి సెలవుల్లేవు. వాళ్ళ నాన్న లిఫ్టు మెకానిక్కు. క్రిస్మస్ నెలలో జనం చెట్లూ, సోఫాలూ, బంధువులూ అందరినీ ఒకేసారి లిఫ్టులో ఎక్కిస్తారు కాబట్టి, ఆయన నోటి దగ్గరికి చెంచా పోయినప్పుడల్లా ఫోను మోగుతుంది.

పై అంతస్తులో వదిన ఉంటుంది, అంటే ఆయన అక్క. ఒంటరి మనిషి. ఊలుతో స్వెట్టర్లు అల్లి దుకాణాలకు ఇస్తుంది. వదిన నోటికి ఆ భవనంలో వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ జడుస్తారు. బడి అయిపోయాక పిల్లలిద్దరూ అత్త దగ్గరే ఉంటారు. సాయంత్రం ఆమె స్టూడియో నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, వాళ్ళను లాక్కుని కిందికి దిగుతుంది.

ఇదంతా సజావుగానే నడుస్తోంది. బడి తొందరగా వదిలేసిన ఓ మధ్యాహ్నం వసపిట్టను స్టూడియోలో తన వెనక స్టూలు మీద కూర్చోబెట్టుకుంది. ఆ రోజు దాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు వసపిట్ట నోరు మూతపడింది.

మొదట ఆమె సంతోషించింది, దాచడం దేనికి! పగలంతా పిల్లల అరుపుల్లో నానిన చెవులకు ఇంట్లో కాస్త నిశ్శబ్దం దొరికితే ఏ తల్లి కాదంటుంది? హమ్మయ్య, పిల్లకు బుద్ధి వచ్చిందనుకుంది. ఆ మర్నాడు కూడా వసపిట్ట మాట్లాడలేదు. అడిగినదానికి తల ఊపుతుంది. మరీ తప్పకపోతే పెదవులు కదిపీ కదపకుండా "ఊ" అంటుంది. రొట్టె పక్కకు తోసి పాలు మాత్రం తాగుతుంది. యాపిల్ ముక్క చేతిలో పెడితే తమ్ముడికి ఇచ్చేస్తుంది. ఇంట్లో కూడా మఫ్లరు ముక్కు దాకా చుట్టుకుని తిరుగుతుంది.

"బాగున్నావా తల్లీ?" అని ఆమె వంటింట్లోంచి అడుగుతుంది. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద గుడ్లు, భుజానికీ చెవికీ మధ్య ఫోను, కాళ్ళకు చుట్టుకుని పిడుగు. వసపిట్ట గుమ్మంలోకి వచ్చి, మఫ్లరు దించి, పెదవులు బిగించి చక్కగా నవ్వుతుంది. ఆమె మళ్ళీ పొయ్యి వైపు తిరుగుతుంది.

ఇంటికి క్రిస్మస్ చెట్టు తెచ్చిన రోజున ఆమెకు నిజంగా అనుమానం వచ్చింది. పోయినేడు చెట్టు అలంకరిస్తున్నంతసేపూ వసపిట్ట ఒక్కో బంతికీ ఒక్కో కథ చెప్పి చెవుల తుప్పు వదలగొట్టింది. ఈసారి దీపాల తీగ చిక్కు తీస్తూ ఓ మూల కూర్చుంది, అంతే. పిడుగు నక్షత్రం తొక్కి విరగ్గొట్టాడు. అక్క నోరెత్తలేదు. మామూలుగా అయితే ఆ పాటికి భవనమంతా మూడో ప్రపంచ యుద్ధం మొదలవ్వాలి.

"ఏమండీ, పిల్ల మాట్లాడట్లేదు," అంది ఆమె.

"నీ పోలిక పోయి నా పోలిక వస్తోందేమో," అన్నాడాయన, విరిగిన నక్షత్రానికి టేపు చుడుతూ.

"మీకు అన్నీ హాస్యమే."

"లేకపోతే ఏంటే? పిల్లలకి రోజుకో పిచ్చి. మొన్నటిదాకా కుక్కలా నడిచింది, మర్చిపోయావా?" ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. ఆయన టేపు పిడుగు చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

బళ్ళో టీచరును అడిగింది. టీచరు పొంగిపోయింది. "ఈమధ్య ఎంత బుద్ధిమంతురాలైపోయిందోనండీ! ఒక్క మాట లేదు, అల్లరి లేదు. ఇంట్లో ఏం చేశారో మాక్కూడా చెప్పండి," అంది. ఇంట్లో ఎవరూ ఏమీ చేయలేదు. మరి ఎవరు చేశారు?

ఆ రోజు నుంచి ఆమె కాలు గాలిన పిల్లి అయిపోయింది. స్టూడియోలో బాతు కరిచిపట్టుకుని మధ్యలో ఆగిపోయేది. ఒకావిడ కవల పిల్లల్లో ఒకణ్ణే రెండుసార్లు తీసి పంపేసింది. రాత్రి లేచి పిల్ల నుదురు ముట్టుకుని చూసేది. జ్వరం లేదు. వీపు చూసింది, చేతులు చూసింది, దెబ్బలేమీ లేవు. ఎవరో భయపెట్టారు, అంతే. ఎవరు? బడి కాదు, ఇల్లు కాదు. మిగిలింది పై అంతస్తు.

సాక్ష్యం పిడుగు చెప్పాడు. స్నానం చేయిస్తుంటే, నురగ ఊదుతూ, వాడంతట వాడే అన్నాడు: "అత్త అక్కకి చెప్పింది. నోరు తెరవొద్దు అని చెప్పింది."

"ఎప్పుడ్రా?"

"రోజూ చెప్తుంది. నోరు మూసుకో, గాలి పోతుంది అంటుంది."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సబ్బు నురగతోనే వాణ్ణి తువ్వాల్లో చుట్టి, వసపిట్ట చేయి పట్టుకుని, మెట్లెక్కి పైకి పోయింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక కూడా లేకపోయింది.

వదిన కిటికీ పక్కన కూర్చుని ఊలు ఉండ చుడుతోంది.

"వదినా, పిల్లను నోరు తెరవొద్దన్నారా మీరు?"

వదిన చేతులు ఆగాయి. "అన్నాను."

"ఎందుకన్నారు?"

వదిన వసపిట్ట వైపు చూసింది. వసపిట్ట కళ్ళు ఇంతేసి చేసుకుని, మఫ్లరు మీద చేయి పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. ఈ చూపులు ఆమె కంట పడ్డాయి. పిల్ల భయంతో వణికిపోతోందని ఆమె అర్థం చేసుకుంది.

"పిల్లనే అడుగు," అంది వదిన.

"దాని నోరు నొక్కేసి, దాన్నే అడగమంటారా? మీ నోటికి ఊరంతా జడుస్తుంది, సరే. ఆరేళ్ళ పిల్ల మీద కూడానా? వాగుతుంది, నిజమే, పిల్లలన్నాక వాగుతారు. మీకు పిల్లలుంటే తెలిసేది ఆ సంగతి!"

నోరు జారాక గానీ ఆ మాట ఎంత పెద్దదో ఆమెకు తెలియలేదు. ఒక మాటకు పది మాటలు అంటించే వదిన, వాచ్‌మన్‌ను నిలబెట్టి కడిగేసే వదిన, ఒక్క మాట అనలేదు. ఊలు ఉండ ఒళ్ళోంచి జారి సోఫా కిందికి దొర్లిపోతే కూడా వంగి తీసుకోలేదు. తప్పు చేసింది గనకే నోరు పెగలడం లేదని ఆమె తీర్పు చెప్పేసుకుంది. పిల్లల్ని తీసుకుని దిగిపోయింది.

మర్నాటి నుంచి పిల్లలు బడి నుంచి నేరుగా స్టూడియోకే. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. పిడుగు మంచుకొండల తెర వెనక దూరి, ఫోటో తీసే సమయానికి కొండల్లోంచి తల బయటపెట్టేవాడు. చెట్టు కొమ్మలు రెండు వంచాడు. ఓనరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, అతనూ పిల్లలవాడే. వసపిట్ట మాత్రం స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చునేది. కంప్యూటరు వైపు కన్నెత్తి చూడదు. అత్త నుంచి తప్పించాక కూడా పిల్ల మాట్లాడటం లేదంటే ఆమెకు ఇంకేం తోచాలి? డాక్టరును అడగాలి. సెలవు దొరికితేగా. క్రిస్మస్ అయిపోనీ అని ఓ పక్క, అప్పటికి ఆలస్యమైపోతే అని ఇంకో పక్క. ఇంట్లో చెట్టు సగం అలంకారంతో నిలబడి ఉంది. సాక్సులన్నీ ఒంటరివే దొరుకుతున్నాయి. మెట్ల మీద వదిన ఎదురుపడితే ఇద్దరూ గోడకేసి చూసుకుంటున్నారు.

ఆ స్టూడియోకో ఆనవాయితీ ఉంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆదివారం, గిరాకీ కాస్త తగ్గాక, ఆమె పిల్లలిద్దరి ఫోటో తీసి, పెద్దది చేసి, వీధి వైపు కిటికీలో పెడతారు. మా దగ్గర పిల్లలిలా నవ్వుతారు అని జనానికి చూపించడానికన్నమాట. ఆ ఆదివారం రానే వచ్చింది. ఇద్దరినీ ఎర్ర కుర్చీలో ఇరికించి కూర్చోబెట్టింది. కెమెరాలోంచి చూసింది. పిడుగు అప్పుడే ఇకిలిస్తున్నాడు. వసపిట్ట పెదవులు బిగించి, రోజూ వంటింటి గుమ్మంలో నవ్వే నవ్వు నవ్వింది.

కెమెరాలోంచి చూస్తే గానీ ఆ నవ్వు ఆమెకు కనబడలేదు. కళ్ళు నవ్వలేదు. వేరేవాళ్ళ పిల్లయితే మొదటి రోజే చెప్పేసేది.

ఆమెకు కంగారు పుట్టింది. కంగారు పుడితే ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే. బాతు కరిచింది, కీచుమనిపించింది. తుమ్మింది, టోపీ ఎగిరింది. మళ్ళీ తుమ్మింది. పిడుగు పొట్ట పట్టుకుని కుర్చీలోంచి దూది మీద పడ్డాడు. వసపిట్ట భుజాలు అదిరిపోతున్నాయి, రెండు చేతులతో నోరు అదిమి పట్టుకుంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతోందనుకుంది ఆమె. ఏడుస్తోంది.

"ఏమైందీ నా బంగారానికీ?" అని కీచుగొంతుతో దగ్గరికి పరిగెత్తింది.

"ఆ గొంతుతో అడగొద్దు," అంది వసపిట్ట, చేతుల వెనక నుంచి.

ఇన్ని రోజుల తర్వాత విన్న మొదటి పూర్తి మాట అది. ఆమె టోపీ తీసేసి, దూది మీద చతికిలబడింది. "మరి ఏ గొంతుతో అడగనే?"

"ఇంట్లో గొంతుతో."

ఆ ఇంట్లో గొంతు ఎక్కడ పెట్టిందో ఆమెకు చప్పున దొరకలేదు. పిల్ల కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది. అది వసపిట్టకు ధైర్యమిచ్చినట్టుంది, చేతులు కొంచెం దించింది.

"నా పన్ను ఊడిపోతోంది."

"అంతేనా! పన్ను ఊడితే ఏమైందే? అందరికీ ఊడతాయి."

"మా క్లాసులో పిల్లకి ఊడింది. ఆ పిల్ల ఫోటోకి నువ్వు కంప్యూటర్లో వేరే పన్ను అంటించావు. పళ్ళు లేని ఫోటో గోడకెవరు పెట్టుకుంటారండీ, దండగ, అన్నావు. ఓనరు అంకుల్ నవ్వాడు. నువ్వూ నవ్వావు."

ఆమెకు గుర్తొచ్చింది. రోజుకు నాలుగైనా చేసే పని. పక్క పన్నును కాపీ చేసి ఖాళీలో అతికించి, కాస్త రంగు సరిచేస్తే, పిల్ల నోరు ముత్యాల పేరులా తయారవుతుంది. తల్లులు మురిసిపోతారు. వెనక స్టూలు మీద ఓ ఆరేళ్ళ పిల్ల కాళ్ళూపుకుంటూ చూస్తోందని ఆమె మర్చేపోయింది.

"నాక్కూడా అంటిస్తావు. కిటికీలో పెడతావు. అప్పుడందులో నేనుండను, ఇంకో అమ్మాయి ఉంటుంది. అందుకే ఫోటో అయ్యేదాకా ఊడకుండా..." అంటూ వసపిట్ట ఆగిపోయింది. నోట్లో నాలుక అటూ ఇటూ కదిలింది. అరచేతిలోకి ఉమ్మింది. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, అంచున ఎర్రటి చుక్కతో, పన్ను.

వసపిట్ట పన్ను వంక చూసుకోలేదు. అమ్మ మొహంలోకి చూసింది, అమ్మ ఊళ్ళో పిల్లల మొహాల్లోకి చూసేంత పట్టి పట్టి. నవ్వితే అది ఎలాంటి నవ్వో ఈ పిల్ల కనిపెట్టేస్తుందని ఆమెకు భయం వేసింది. నవ్వలేదు. పిల్లను గట్టిగా పట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చింది. "ఎవ్వరి పన్నూ అంటించను. ఒట్టు," అంది. పిడుగు ఇద్దరి మీదా దూది చల్లాడు.

ఫోటో తీశారు. దాని గురించి చెప్పుకోవడానికేం లేదు. పిడుగు కదిలాడు, వసపిట్ట నోరు తెరిచి ఏదో చెబుతూనే ఉంది. "ఇంకోటి తీద్దామమ్మా," అన్నాడు ఓనరు. చాలండి అంది ఆమె.

ఇంటిదారిలో గట్టు తెగింది. ఇన్ని రోజులూ ఆపుకున్నదంతా వసపిట్ట ఒకే ఊపిరిలో మొదలుపెట్టింది. బళ్ళో ఎవరు ఎవర్ని గిచ్చారో, టీచరు కొత్త చెప్పులు ఎలా కిర్రుమంటాయో, నక్షత్రం విరిచిన రోజు తమ్ముణ్ణి ఎన్ని తిట్లు తిట్టాలనుకుందో, ఒక్కటీ వదల్లేదు. మాటల మధ్య ఖాళీలోంచి గాలి ఈలలా వస్తోంది. ఆమె ఊ కొడుతూ నడుస్తోంది. ఈసారి నిజంగా వింటోంది.

"నువ్వు రోజూ బాగున్నావా అని అడుగుతావు కదా," అంది వసపిట్ట. "నేను నవ్వితే చాలు, అటు తిరిగిపోతావు. అత్త అయితే తిరిగిపోదు. అత్త చూసేసింది."

"ఏం చూసింది?"

"పన్ను. మొదటి రోజే. ఒక పక్కే నములుతున్నావేంటే అని పట్టేసింది. ఫోటో అయ్యేదాకా అమ్మకి చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నా. అత్త రొట్టె పాలల్లో నానబెట్టి పెట్టేది. నోరు తెరిస్తే చల్లగాలి తగిలి జివ్వుమంటుంది కదా, అందుకే నోరు మూసుకో అనేది." తమ్ముణ్ణి రోడ్డు పక్కకు లాగింది. "నువ్వు అత్తని తిట్టినప్పుడు కూడా చెప్పొద్దని తలూపా. అత్త చెప్పలేదు. నువ్వెళ్ళాక ఏడ్చి ఉంటుంది, కదమ్మా?"

రోడ్డు మీద జనం రంగు కాగితాల పొట్లాలు పట్టుకుని పరుగులు తీస్తున్నారు. ఆమె ఆ గుంపు మధ్యలో నిలబడిపోయింది. ఎవరో భుజం తగిలించి, దారికడ్డం ఏంటమ్మా అని విసుక్కున్నారు. తను అన్న మాట ఒక్కొక్క అక్షరమే గుర్తొస్తోంది. పిల్లకిచ్చిన మాట కోసం ఆ మనిషి ఎంత దిగమింగిందో తలుచుకుంటూ, పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని గబగబా ఇంటివైపు నడిచింది.

సొంత గుమ్మం దాటి పైకెక్కారు. వదిన తలుపు తీసింది. వసపిట్ట ఏమీ అనకుండా నోరు బార్లా తెరిచి చూపించింది.

వదిన వంగి ఆ ఖాళీ చూసింది. పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "హమ్మయ్య," అంది. "ఇవాళ్టికి నా నోరు నాకొచ్చింది." నడుం బిగించి ఆమె వైపు తిరిగింది. ఇక చూస్కోండి! సాయంత్రమైతే గుమ్మంలో బాణంలా వచ్చి బాణంలా పోవడం, ఒక్క పూటైనా కూర్చుని పిల్ల ఏం తింటోంది, ఎలా తింటోంది అని చూసిన పాపాన పోకపోవడం, సబ్బు నురగతో ఉన్న పిల్లాణ్ణి చలిలో మెట్లెక్కించడం, అన్నీ దులిపేసింది. పిడుగు హాయిగా లోపలికి దూరి ఊలు ఉండలు దొర్లిస్తున్నాడు. వసపిట్ట ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

ఆమె తల వంచుకుని అంతా పడింది. తిట్లు ఆగాక, "వదినా, ఆ రోజు నేనన్న మాట..." అంది. ఊళ్ళో పిల్లలందరినీ నోటితోనే ఆడించే మనిషికి ఆ ఒక్క వాక్యం పూర్తిచేయడం చేతకాలేదు.

"అన్నావు. విన్నాను," అంది వదిన. ఈసారి గొంతులో వేడి లేదు. "మర్చిపోయానని అబద్ధం చెప్పనమ్మాయ్. అది పోవడానికి నాకు కొన్నాళ్ళు పడుతుంది. పిల్లల్ని మాత్రం రేపట్నుంచి ఇక్కడే దించు."